కోడ్ కలిపే ముందు లైసెన్సుల పొంతన

1983 మార్చిలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ప్రాంగణంలో ఒక అంతర్జాతీయ సదస్సు జరిగింది. పంటల పెరుగుదలను అంచనా వేసే నమూనాలు ఆనాడు ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరున దత్తాంశాన్ని కోరేవి. అందువల్ల ఒక కేంద్రంలో చేసిన ప్రయోగం మరొక కేంద్రంలోని నమూనాకు అక్కరకు వచ్చేది కాదు. వాతావరణం, నేల, పంట యాజమాన్యం విషయంలో ఏయే వివరాలు తప్పనిసరిగా నమోదు కావాలో నిర్ణయించే 'కనీస దత్తాంశ సముదాయం' ఆ సదస్సుకు ప్రధానాంశం. ఆ దారిలో సాగిన అంతర్జాతీయ కృషి నుంచే డీఎస్‌ఎస్‌ఏటీ అనే నిర్ణయ సహాయక వ్యవస్థ 1989లో వెలువడింది. వేర్వేరు పంటల నమూనాలు ఒకే గూటి కిందికి చేరాయి.

నాలుగు దశాబ్దాలు గడిచాక కలపవలసిన వస్తువు మారింది. నేటి వ్యవసాయ పరిశోధకుడు ఒక చోటి పంట నమూనాను, మరొక చోటి భౌగోళిక సమాచార వ్యవస్థను, వేరొకరు రాసిన చిత్ర విశ్లేషణ ప్రోగ్రామును తెచ్చి కలుపుతున్నాడు. ఇవన్నీ ఓపెన్ సోర్స్ పేరుతో ఉచితంగా దొరుకుతున్నాయి. కోడ్ సాంకేతికంగా కలిసిందా లేదా అని ప్రతి బృందమూ పరీక్షిస్తుంది. ఆ ముక్కల వెంట వచ్చిన లైసెన్సులు ఒకదానితో ఒకటి పొసగుతాయా అన్న ప్రశ్న మాత్రం ప్రాజెక్టు ముగింపు దశలో, యాప్‌ను రైతులకు విడుదల చేసే వేళ ఎదురవుతుంది. అప్పటికి కోడ్ అంతా అల్లుకుపోయి ఉంటుంది. రాసిన విద్యార్థులు పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోయి ఉంటారు.

లైసెన్సుల పొంతన న్యాయవాదులకు వదిలివేయదగిన చివరి పని కాదు. ప్రయోగ రూపకల్పన వలె అది కూడా పరిశోధన పద్ధతిలో భాగం. ప్రతిపాదన దశలోనే దానిని పరిష్కరించుకోవాలి. ప్రజాధనంతో తయారైన పనిముట్టు రైతు చేతికి చేరుతుందా, లేక పరిశోధన కేంద్రం కంప్యూటరులోనే మిగిలిపోతుందా అన్నది అనేక సందర్భాలలో ఈ ఒక్క జాగ్రత్తపైనే ఆధారపడి ఉంటుంది.

ఉచితం వేరు, షరతులు లేకపోవడం వేరు

భారతదేశ కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాము సాహిత్య రచనల కోవలోకి వస్తుంది. రాసిన వారి అనుమతి లేకుండా దానిని ప్రతులు తీయడానికి, మార్చడానికి, పంచడానికి వీలులేదు. ఆ అనుమతిని ముందుగానే అందరికీ ఇచ్చే పత్రమే ఓపెన్ సోర్స్ లైసెన్సు. అనుమతితోపాటు కొన్ని షరతులు కూడా ఆ పత్రంలో ఉంటాయి. గిట్‌హబ్ వంటి వేదికపై కోడ్ కనబడుతూ, దానికి ఏ లైసెన్సూ జతచేయకపోతే అది అందరిదీ అయిపోదు. అన్ని హక్కులూ రచయితవద్దనే ఉన్నాయని అర్థం. ఈ సంగతి తెలియక అలాంటి కోడ్‌ను సిద్ధాంత గ్రంథాలలోకి, యాప్‌లలోకి చేర్చుకునే అలవాటు విద్యార్థులలో కనిపిస్తుంది.

లైసెన్సులను స్థూలంగా మూడు వర్గాలుగా చూడవచ్చు. మొదటివి ఉదార లైసెన్సులు. ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ 2.0 ఈ వర్గానికి చెందుతాయి. మూల రచయిత పేరును, కాపీరైట్ ప్రకటనను నిలిపి ఉంచితే చాలు, ఆ కోడ్‌ను మూసివేసిన వాణిజ్య ఉత్పత్తిలో సైతం వాడుకోవచ్చు. రెండవవి కాపీలెఫ్ట్ లైసెన్సులు. గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు, అంటే జీపీఎల్, వీటిలో ప్రధానమైనది. జీపీఎల్ కోడ్‌ను కలుపుకుని తయారైన ప్రోగ్రామును ఇతరులకు ఇచ్చేటప్పుడు, మొత్తం ప్రోగ్రామును అదే లైసెన్సు కింద, మూల కోడ్‌తో సహా ఇవ్వాలి. తీసుకున్న వారి స్వేచ్ఛపై కొత్త ఆంక్షలు విధించకూడదు. 2007లో వచ్చిన ఏజీపీఎల్ ఇంకొక అడుగు ముందుకు వేసింది. మార్పులు చేసిన ప్రోగ్రామును సర్వరులో ఉంచి నెట్‌వర్క్ ద్వారా సేవ అందించినా, ఆ సేవను వాడేవారికి మూల కోడ్ అందుబాటులో ఉంచాలని అది కోరుతుంది. మూడవవి పరిమిత లైసెన్సులు. 'విద్యా వినియోగానికి మాత్రమే', 'వాణిజ్యేతర వినియోగానికి మాత్రమే' అనే షరతులు ఉన్నవి ఈ కోవలోకి వస్తాయి. మూల కోడ్ కళ్లెదుట కనిపించినా, ఓపెన్ సోర్స్ అన్న మాటకు స్థిరపడిన నిర్వచనం ప్రకారం వీటిని ఓపెన్ సోర్స్ అనరు.

విడివిడిగా మంచివే, కలిస్తేనే చిక్కు

విస్తరణ శాస్త్రవేత్తకు ఈ చిక్కు కొత్తది కాదు. ఫెర్టిగేషన్‌లో కాల్షియం నైట్రేట్ మంచి ఎరువే. ఫాస్ఫేట్, సల్ఫేట్ ఎరువులూ మంచివే. ఆ చిక్కటి ద్రావణాలను ఒకే తొట్టిలో కలిపితే అడుగున అవక్షేపం పేరుకుని డ్రిప్పర్లు మూసుకుపోతాయి. తప్పు ఏ ఒక్క ఎరువుదీ కాదు. అందుకే రైతుకు ఎరువుల, మందుల మిశ్రమ అనుకూలతా పట్టిక ఇస్తారు. తొట్టి నింపిన తరువాత దానిని చూసి ప్రయోజనం లేదని కూడా చెబుతారు. లైసెన్సుల సంగతీ అంతే.

పొసగకపోవడానికి మూలకారణం సులభమైనదే. ఒక లైసెన్సు ఒక పని చేసి తీరాలంటుంది. మరొక లైసెన్సు అలాంటి అదనపు బాధ్యతను ఎవరిపైనా మోపరాదంటుంది. రెండింటినీ ఏకకాలంలో పాటించే మార్గం లేనప్పుడు ఆ మిశ్రమాన్ని పంపిణీ చేసే హక్కు ఎవరికీ ఉండదు.

చరిత్రలో దీనికి స్పష్టమైన ఉదాహరణలున్నాయి. తొలినాటి బీఎస్‌డీ లైసెన్సులో ఒక ప్రకటన షరతు ఉండేది. ఆ సాఫ్ట్‌వేర్‌ను ప్రస్తావించే ప్రతి ప్రకటనలోనూ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీ పేరు పేర్కొనాలన్నది దాని సారాంశం. ఇతరులు అదే వాక్యాన్ని తమ సంస్థల పేర్లతో మార్చి వాడుకోసాగారు. 1997 నాటి నెట్‌బీఎస్‌డీ ప్రతిలో అలాంటి వాక్యాలు 75 ఉన్నట్లు రిచర్డ్ స్టాల్‌మన్ లెక్కించారు. జీపీఎల్ ఇలాంటి అదనపు షరతును అంగీకరించదు. కనుక ఆ కోడ్ జీపీఎల్ కోడ్‌తో పొసగలేదు. 1999లో విశ్వవిద్యాలయం ఆ షరతును తొలగించింది. ఒక విద్యాసంస్థ సదుద్దేశంతో రాసిన ఒక్క వాక్యం ఏళ్ల తరబడి ఇతరుల పనికి అడ్డుపడిందని గ్రహించడం నేటి విశ్వవిద్యాలయాలకు అవసరం. అదే తరహా ప్రకటన షరతు ఉన్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే భద్రతా లైబ్రరీ 2021లో వచ్చిన 3.0 సంచికతో గాని అపాచీ 2.0 లైసెన్సుకు మారలేదు.

రెండవ ఉదాహరణ మరింత సూక్ష్మమైనది. అపాచీ 2.0 లైసెన్సులో పేటెంట్లకు సంబంధించిన కొన్ని నిబంధనలున్నాయి. అవి జీపీఎల్ 2వ సంచికలో లేని అదనపు షరతులని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అభిప్రాయం. 2007లో వచ్చిన 3వ సంచిక ఈ అడ్డును తొలగించింది. అందువల్ల అపాచీ కోడ్‌ను జీపీఎల్ 3తో కలపవచ్చు. 'జీపీఎల్ 2 మాత్రమే' అని రాసిన కోడ్‌తో కలపరాదు. 'జీపీఎల్ 2 లేదా ఆ తరువాతి సంచిక' అని రాసి ఉంటే మూడవ సంచికను ఎంచుకుని కలపవచ్చు. ఒక పరిశోధకుడు ఫైలు తలభాగంలో రాసే ఆ నాలుగు మాటలు పదేళ్ల తరువాత మరొక పరిశోధకుడికి దారి తెరుస్తాయి, లేదా మూస్తాయి.

ఈ పొంతన సాధారణంగా ఏకదిశగా సాగుతుంది. కాలువ నీరు ఎగువ నుంచి దిగువకు పారినట్లు, ఎంఐటీ, బీఎస్‌డీ కోడ్ జీపీఎల్ ప్రాజెక్టులోకి ప్రవహించగలదు. జీపీఎల్ కోడ్ ఎంఐటీ షరతుల కిందికి ఎగబాకలేదు. కనుక ఏ రెండు లైసెన్సులు పొసగుతాయని అడిగితే సరిపోదు. ఏది దేనిలోకి చేరుతుంది, ఫలితం ఏ లైసెన్సు కింద వెలువడుతుంది అని అడగాలి.

వ్యవసాయ పరిశోధకుని పనిముట్ల పెట్టె

పరిశోధన కేంద్రాలలో నిత్యం వాడే పనిముట్లను ఈ దృష్టితో ఒకసారి చూడటం మేలు. గణాంక విశ్లేషణకు వాడే ఆర్ భాష జీపీఎల్ కింద ఉన్నది. ప్రయోగ రూపకల్పనలకు విద్యార్థులు వాడే అగ్రికొలే ప్యాకేజీదీ అదే వర్గం. భౌగోళిక సమాచారానికి వాడే క్యూజీఐఎస్ 'జీపీఎల్ 2 లేదా ఆ తరువాతి సంచిక' కింద ఉన్నది. దానికి ఆధారమైన జీడాల్ లైబ్రరీ మాత్రం ఎంఐటీ తరహా ఉదార లైసెన్సు కలది. గ్రాస్ అనే వ్యవస్థ కథ ఇంకా ఆసక్తికరం. అమెరికా సైన్యపు పరిశోధనశాలలో ప్రజా ఆస్తిగా పుట్టి, తరువాత విశ్వవిద్యాలయం చేతికి వచ్చి, 1999లో జీపీఎల్ కిందికి చేరింది.

పంట నమూనాలలో ఈ వైవిధ్యం మరింత ఎక్కువ. పటాన్‌చెరు సదస్సుతో బంధుత్వం ఉన్న డీఎస్‌ఎస్‌ఏటీ నమూనాల మూల కోడ్ నేడు బీఎస్‌డీ 3-క్లాజ్ లైసెన్సుతో లభిస్తున్నది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ రూపొందించిన ఆక్వాక్రాప్ కూడా 7వ సంచిక నుంచి అదే లైసెన్సుతో తన మూల కోడ్‌ను బహిరంగపరచింది. నెదర్లాండ్స్‌లోని వాగనింగెన్‌లో పుట్టిన వోఫోస్ట్ నమూనాను పైథాన్ భాషలో అందించే పీసీఎస్‌ఈ ప్యాకేజీ ఐరోపా సమాఖ్య ప్రజా లైసెన్సు కింద ఉన్నది. ఇది కాపీలెఫ్టే అయినా, ఏయే ఇతర లైసెన్సులతో కలపవచ్చో అనుబంధంలో తానే జాబితా ఇస్తుంది. పొంతన సమస్యను లైసెన్సు రాసేటప్పుడే ఆలోచించినందుకు ఇది మంచి నిదర్శనం. ఆస్ట్రేలియాకు చెందిన ఏప్సిమ్ నమూనా మూల కోడ్ కూడా చూడవచ్చు. కాని దాని లైసెన్సు వాణిజ్యేతర పరిశోధనను, వాణిజ్య వినియోగాన్ని వేరు చేస్తుంది. పరిశోధన పత్రం రాయడానికి అడ్డులేని ఈ షరతు, జీపీఎల్ కోడ్‌తో కలిపి పంచదలచినప్పుడు అడ్డవుతుంది.

చిత్ర విశ్లేషణలో తెగుళ్లను గుర్తించడానికి విస్తృతంగా వాడుతున్న యోలో నమూనాలలో, అల్ట్రాలిటిక్స్ సంస్థ వెలువరించిన యోలో 8వ సంచిక ఏజీపీఎల్ 3 కింద ఉన్నది. దానికి కట్టుబడలేనివారికి ఆ సంస్థ వాణిజ్య లైసెన్సు అమ్ముతుంది. ఇలాంటి పనే చేసే డిటెక్ట్రాన్ 2 అపాచీ 2.0 కింద, టార్చ్‌విజన్‌లోని నమూనాలు బీఎస్‌డీ కింద దొరుకుతాయి. పని ఒకటే అయినా షరతులు వేరు.

ఒక సామాన్య ప్రాజెక్టు ఎదుర్కొనే మలుపులు

మదనపల్లె ప్రాంతపు టమాటా రైతుకు నీటి తడుల సలహా, ఆకుమాడు తెగులు గుర్తింపు రెండూ ఒకే యాప్‌లో అందించాలని ఒక బృందం సంకల్పించిందని భావించవచ్చు. నీటి లెక్కకు ఆక్వాక్రాప్, తెగులు గుర్తింపుకు యోలో 8, వాతావరణ సూచనను మండల స్థాయికి సవరించడానికి ఒక విదేశీ విశ్వవిద్యాలయపు కోడ్, శిక్షణకు అంతర్జాలంలో దొరికిన ఆకుల ఛాయాచిత్రాలు ఎంచుకున్నారు. వాతావరణ కోడ్‌పై 'విద్యా వినియోగానికి మాత్రమే' అని ఉన్నది. ఛాయాచిత్రాలు క్రియేటివ్ కామన్స్ వాణిజ్యేతర లైసెన్సు కలవి.

యాప్ పరిశోధన కేంద్రంలో చక్కగా పనిచేస్తుంది. పరిశోధన పత్రమూ వెలువడుతుంది. విడుదల చేయబోయేసరికి మూడు గోడలు అడ్డువస్తాయి. మొదటిది, యోలోను కలుపుకున్న ప్రోగ్రామును ఏజీపీఎల్ కింద ఇవ్వాలి. ఏజీపీఎల్ ప్రకారం గ్రహీతకు వాణిజ్య వినియోగంతో సహా పూర్తి స్వేచ్ఛ ఉండాలి. వాతావరణ కోడ్ ఆ స్వేచ్ఛను నిరాకరిస్తుంది. ఈ రెండింటి మిశ్రమాన్ని న్యాయబద్ధంగా పంచే దారి లేదు. రెండవది, యాప్‌ను రాష్ట్రమంతటా నడపడానికి ముందుకు వచ్చిన సంస్థ దానిని తన మూసివేసిన వేదికలో చేర్చుకోవాలంటుంది. ఏజీపీఎల్ అందుకు అంగీకరించదు. మూడవది, రైతు ఉత్పత్తిదారుల సంఘం చందా వసూలు చేసి ఈ సేవను అందిస్తే, వాణిజ్యేతర ఛాయాచిత్రాలతో శిక్షణ పొందిన నమూనాను వాడవచ్చునా అన్న సందేహం తలెత్తుతుంది. దీనికి తిరుగులేని జవాబు ఎవరివద్దా లేదు.

ఇదే బృందం మొదటి వారంలోనే ఒక కాగితంపై ఈ నాలుగు వనరుల లైసెన్సులు రాసుకుని ఉంటే రెండు దారులు కనిపించేవి. యాప్‌ను బహిరంగంగానే ఉంచదలచితే ఏజీపీఎల్‌ను మనస్ఫూర్తిగా అంగీకరించి, వాతావరణ కోడ్ ఒక్కదానిని మాత్రం తామే తిరిగి రాసుకోవచ్చు. ఏ వేదికలోనైనా చేరే వీలు ఉండాలనుకుంటే యోలోకు బదులు ఉదార లైసెన్సు గల నమూనాను ఎంచుకోవచ్చు. రెండు సందర్భాలలోనూ పరిశోధన క్షేత్రంలో స్వయంగా తీసిన ఛాయాచిత్రాలు ఉత్తమం. స్థానిక రకాలు, స్థానిక వెలుతురు, స్థానిక తెగుళ్ల లక్షణాలు ఉండటం వల్ల అవి శాస్త్రీయంగానూ మెరుగైనవి. మొదటి వారంలో కొన్ని గంటలు పట్టే ఈ నిర్ణయం మూడవ ఏట నమూనాకు తిరిగి శిక్షణ ఇవ్వవలసినంత భారమవుతుంది.

ప్రచారంలో ఉన్న కొన్ని అపోహలు

జీపీఎల్ పనిముట్టుతో చేసిన విశ్లేషణ ఫలితాలు కూడా జీపీఎల్ కిందికి వస్తాయన్న భయం నిరాధారం. ఆర్ భాషలో లెక్కించిన అనోవా పట్టికకు, క్యూజీఐఎస్‌లో గీసిన నేలల పటానికి జీపీఎల్ వర్తించదు. సిద్ధాంత గ్రంథం రాసే విద్యార్థి ఈ విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు. అలాగే సంస్థ లోపల వాడుకున్నంతవరకు మూల కోడ్ ఇవ్వవలసిన బాధ్యత జీపీఎల్ మోపదు. ఆ బాధ్యత ఇతరులకు పంపిణీ చేసినప్పుడే పుడుతుంది. అయితే 'లోపల' అన్న మాటకు హద్దు ఎక్కడో చూసుకోవాలి. విశ్వవిద్యాలయమే నిర్వహించే కృషి విజ్ఞాన కేంద్రానికి ప్రోగ్రాము పంపడం వేరు. స్వచ్ఛంద సంస్థ నిర్వహించే కృషి విజ్ఞాన కేంద్రం చట్టరీత్యా మరొక సంస్థ. దానికి ఇవ్వడం పంపిణీయే అవుతుంది.

ఒకే కంప్యూటరులో ఉన్నంత మాత్రాన రెండు ప్రోగ్రాములు ఒకటైపోతాయన్నదీ అపోహే. ఆర్ స్క్రిప్టు ఒక ఇన్‌పుట్ ఫైలును రాసి, పంట నమూనాను విడి ప్రోగ్రాముగా నడిపించి, అది ఇచ్చిన ఫలితాల ఫైలును చదువుకుంటే అవి సాధారణంగా వేర్వేరు ప్రోగ్రాములే. ఒకదాని కోడ్ మరొకదానిలో భాగమై, ఒకే జ్ఞాపకశక్తి పరిధిలో కలిసి నడిస్తే అది మిశ్రమ రచన అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వివరణ. ఈ గీతపై న్యాయస్థానాల తీర్పులు ఇంకా స్వల్పమే. కనుక పొసగని ముక్కలను విడి ప్రోగ్రాములుగా ఉంచడం నిర్మాణ దశలోనే తీసుకోదగిన జాగ్రత్త. చేసిన కలయికను సమర్థించుకోవడానికి చివరిలో వెతికే సాకుగా దానిని వాడరాదు.

'ఎవరు దావా వేస్తారులే' అన్న ధీమా అన్నింటికన్నా ప్రమాదకరం. ఫ్రాన్స్‌లో ప్రభుత్వ సేవల పోర్టల్ కోసం చేసిన పనిలో లాసో అనే జీపీఎల్ లైబ్రరీని షరతులకు విరుద్ధంగా వాడినందుకు, ఒక పెద్ద టెలికాం సంస్థ ఆ లైబ్రరీ రచయితలకు 8 లక్షల యూరోల మేరకు పరిహారం చెల్లించాలని 2024 ఫిబ్రవరిలో పారిస్ అప్పీలు న్యాయస్థానం తీర్పునిచ్చింది. ప్రభుత్వ ప్రాజెక్టు అన్న కారణం రక్షణ కాలేదు. విశ్వవిద్యాలయాలకు దావా కన్నా ముందే మరొక పరీక్ష ఎదురవుతుంది. యాప్‌ను స్వీకరించదలచిన ప్రభుత్వ శాఖ గాని, సంస్థ గాని లైసెన్సుల వివరాలు అడిగినప్పుడు జవాబు లేకపోతే ఆ పని అక్కడే ఆగిపోతుంది.

కోడ్ ఎవరిది?

లైసెన్సు మార్చుకుంటే సరిపోతుందని కొందరు భావిస్తారు. మార్చే హక్కు కాపీరైట్ కలవారందరిదీ. ఉద్యోగ విధులలో భాగంగా ఉద్యోగి రాసిన ప్రోగ్రాముకు, వేరే ఒప్పందం లేనిదే, యజమాన్య సంస్థ తొలి హక్కుదారు అని కాపీరైట్ చట్టం 17వ విభాగం చెబుతున్నది. విద్యార్థి ఉద్యోగి కాడు. ప్రత్యేక ఒప్పందం లేనప్పుడు అతడు రాసిన భాగం అతనిదే. నలుగురు స్నాతకోత్తర విద్యార్థులు వరుసగా నాలుగేళ్లు పెంచిన ప్రోగ్రాము లైసెన్సును మార్చాలంటే ఆ నలుగురి అంగీకారమూ కావాలి. వీఎల్‌సీ అనే మీడియా ప్రోగ్రాము తన ప్రధాన భాగాలను 2011, 2012 సంవత్సరాలలో జీపీఎల్ నుంచి ఎల్‌జీపీఎల్‌కు మార్చుకోవడానికి పూర్వ రచయితలను పేరుపేరునా వెతికి అనుమతి తీసుకోవలసి వచ్చింది. ఎందరో స్వచ్ఛంద కార్యకర్తలున్న ఆ ప్రాజెక్టుకే అంత శ్రమ అయితే, రెండేళ్లకొకసారి బృందం మారిపోయే పరిశోధన విభాగానికి అది దాదాపు అసాధ్యం.

కాపీలెఫ్ట్ శత్రువు కాదు

ఈ చిక్కులన్నీ విన్న తరువాత జీపీఎల్ జోలికే పోవద్దన్న సలహా తరచూ వినిపిస్తుంది. ఉదార లైసెన్సుల వల్ల పొంతన సమస్య తగ్గుతుందన్నది వాస్తవమే. ప్రైవేటు సంస్థలు నిస్సంకోచంగా స్వీకరిస్తాయన్నదీ నిజమే. పంట నమూనాల వంటి మౌలిక కోడ్‌కు, ఎక్కువమంది తమ పనిముట్లలో ఇముడ్చుకోవాలన్నదే లక్ష్యమైనప్పుడు, అవి తగినవి. కాని ప్రజాధనంతో తయారైన రైతు సేవా యాప్‌ను ఒక సంస్థ తీసుకుని, మెరుగుపరచి, ఆ మెరుగుదలను మూసివేసి తిరిగి అదే రైతుకు అమ్మే అవకాశాన్ని ఉదార లైసెన్సు ఆపలేదు. ఆ మెరుగుదల అందరికీ తిరిగి రావాలని కోరుకునే విభాగానికి కాపీలెఫ్ట్ సరైన సాధనం.

విత్తన రంగంలో ఈ ఆలోచన సుపరిచితమే. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం, 2001 రైతు తన పంట నుంచి విత్తనం దాచుకుని, విత్తుకుని, తోటి రైతులతో పంచుకునే హక్కును గుర్తించింది. బ్రాండు పేరుతో అమ్మకం ఒక్కటే మినహాయింపు. అంతర్జాతీయ ఒప్పందం కింద జన్యు వనరులను తెప్పించుకునే ప్రజనన శాస్త్రవేత్త ప్రామాణిక మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ ఒప్పందంపై ఒప్పుకోలు తెలిపి మరీ తీసుకుంటాడు. అందిన రూపంలోని ఆ వనరును ఇతరులకు దక్కకుండా చేసే హక్కులు కోరనని అంగీకరిస్తాడు. ఏ వంశక్రమం ఏ షరతుతో వచ్చిందో నమోదు చేయకుండా సంకరణ మొదలుపెట్టే ప్రజననకారుడు ఉండడు. విత్తనం విషయంలో ఇంత క్రమశిక్షణ పాటించే సంస్థలోనే, కోడ్ విషయంలో ఏ మూలం నుంచి వచ్చిందో తెలియని ఫైళ్లు కలిసిపోతుండటం విచారకరం.

శాస్త్రవేత్తలు న్యాయ నిపుణులు కారనీ, చిన్న బృందాలపై ఇది అదనపు భారమనీ వచ్చే అభ్యంతరం కొట్టివేయదగినది కాదు. అయితే కావలసింది న్యాయశాస్త్ర పాండిత్యం కాదు. ఏ ముక్క ఎక్కడిది అని రాసి ఉంచే అలవాటు కావాలి. సందేహాస్పదమైన కలయికలు మాత్రమే నిపుణుని వద్దకు వెళ్లాలి. ఆ నిపుణునికైనా చూడటానికి జాబితా అంటూ ఒకటి ఉండాలి.

ఆచరించదగిన పద్ధతులు

1. ఫలితాన్ని ఎవరికి, ఏ రూపంలో ఇవ్వదలచారో ముందుగా నిర్ణయించాలి. దానికి తగిన లైసెన్సును ప్రతిపాదనలోనే పేర్కొనాలి. ఆ లైసెన్సులోకి ప్రవహించగల కోడ్‌నే ఎంచుకోవాలి.

2. మొదటి రోజు నుంచే పట్టిక నిర్వహించాలి. ప్రతి భాగం పేరు, సంచిక, లైసెన్సు, అందులో మార్పులు చేశారా, ఎలా కలిపారు అన్న వివరాలు అందులో ఉండాలి. లైసెన్సులకు ఎస్‌పీడీఎక్స్ ప్రమాణం ఇచ్చిన సంక్షిప్త నామాలు వాడితే అయోమయం ఉండదు.

3. జీపీఎల్ ఎంచుకుంటే 'లేదా ఆ తరువాతి సంచిక' అన్న మాటలు చేర్చాలి. సొంతంగా లైసెన్సు రాయరాదు. ప్రసిద్ధ లైసెన్సుకు 'పరిశోధనకు మాత్రమే' వంటి తోకలు తగిలించరాదు.

4. కోడ్, దత్తాంశం, శిక్షణ పొందిన నమూనా మూడూ వేర్వేరు వస్తువులు. ప్రతిదానికీ విడిగా షరతులు చూడాలి. భారత ప్రభుత్వ బహిరంగ దత్తాంశానికి 2017లో ప్రకటించిన లైసెన్సు వర్తిస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటాలకు 2012 నుంచి ఓడీబీఎల్ వర్తిస్తున్నది. ఇవి సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కావు. అలాగే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులను సాఫ్ట్‌వేర్‌కు వాడవద్దని ఆ సంస్థే సూచిస్తున్నది.

5. ప్రాజెక్టులో చేరేటప్పుడే విద్యార్థి రాసే కోడ్ ఏ లైసెన్సు కింద వెలువడుతుందో అతని లిఖితపూర్వక అంగీకారం తీసుకోవాలి. అతని పేరు రచయితల జాబితాలో నిలిచి ఉండాలి.

6. సాఫ్ట్‌వేర్ ఉన్న ప్రతి సిద్ధాంత గ్రంథానికీ లైసెన్సుల పట్టికను అనుబంధంగా కోరాలి. పరీక్షకులు, ప్రాజెక్టు సమీక్షా సంఘాలు దానిని ప్రయోగ రూపకల్పనతో సమానంగా పరిశీలించాలి.

భారత ప్రభుత్వం 2015లో ప్రకటించిన విధానం ఇ-పాలన వ్యవస్థలలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలన్నది. వ్యవసాయ శాఖలకు అలాంటి సాఫ్ట్‌వేర్‌ను అందించగల స్థానంలో రెండు తెలుగు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. క్షేత్ర జ్ఞానం ఉన్నది, పరిశోధన ఫలితాలు ఉన్నాయి, కోడ్ రాయగల విద్యార్థులు ఉన్నారు. 1983లో పటాన్‌చెరులో సమావేశమైన శాస్త్రవేత్తలు నమూనాలు కలవాలంటే ముందుగా దత్తాంశం విషయంలో ఒక కనీస అంగీకారం ఉండాలని గుర్తించారు. నేటి తరం ఆ కనీస సముదాయానికి ఒక గడి జోడిస్తే చాలు: ఈ భాగం ఏ లైసెన్సు కింద వచ్చింది? ఆ గడి నిండిన ప్రాజెక్టు, దానిని మొదలుపెట్టిన వారు వెళ్లిపోయిన తరువాత కూడా ఇతరుల చేతులలో పెరుగుతుంది. ఖాళీగా ఉన్నది ఎంత శ్రమతో తయారైనా, రైతు పొలం దాకా రాకముందే ఆగిపోయే ప్రమాదం ఉన్నది.